బండి పోయింది, పేరు మిగిలింది

కాయితం మీద మన పేరు – 9వ భాగం



పోయిన వారం కుల సర్టిఫికెట్ గురించి రాశాను కదా. ఆ రాత్రే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, పట్టా గురించి రాసినవ్, రేషన్ కార్డు గురించి రాసినవ్, ఆర్‌సీ గురించి ఎందుకు రాయవ్? నా ఆటో కన్సల్టెన్సీల ఇచ్చి రెండేండ్లయింది. ఇంకా నా ఫోన్‌కే చలాన్లు వస్తున్నయ్" అన్నాడు.

ఆ మెసేజ్ చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా చిన్నాయన గుర్తొచ్చాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడితే చిన్నమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటది. అయినా ఈరోజు రాస్తున్నాను, ఆయనను అడిగే రాస్తున్నాను. "రాయి బిడ్డా, ఇంకొకరన్న బాగుపడ్తరు" అన్నాడు.

పోస్టు కొంచెం పొడుగు. ఇంట్లో బైకో, ఆటోనో, ట్రాలీనో ఉన్న ప్రతి ఒక్కరూ చివరిదాకా చదవండి.

మా చిన్నాయన 2008లో ఫైనాన్స్ మీద ఒక ప్యాసింజర్ ఆటో తీసుకున్నాడు. మా వాడలో అదే మొదటి ఆటో. అంతకుముందు మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన బజారులోంచే ఆయన హారన్ కొట్టుకుంటూ పోయేవాడు. ఆటో వెనక నీలం రంగులో బాబాసాహెబ్ బొమ్మ వేయించాడు. అది చూసి ఎక్కనివాళ్లు కూడా ఉన్నారు. ఎక్కినవాళ్లతోనే ఐదేళ్లు బతికాడు. ఫైనాన్స్ కట్టేశాడు, ఇద్దరు పిల్లల్ని చదివించాడు.

2013లో నడుము నొప్పి పట్టుకుంది. డాక్టర్ ఆటో తోలొద్దన్నాడు. పట్నంలో ఒక ఆటో కన్సల్టెన్సీకి బండి తీసుకుపోయాడు, నేనూ వెంట ఉన్నాను. కుర్చీలో కూర్చున్న ఆ షాపు యజమానికి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. యాభై దాటిన మా చిన్నాయనను "ఏందిరా, ఎంతకిస్తవ్?" అని అడిగాడు. బేరమైంది. డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టి, 29 నంబరు ఫారం రెండు కాపీలు, 30 నంబరు ఫారం ముందు పెట్టాడు. అన్నీ ఖాళీ. కొనేవాళ్ల పేరు లేదు, తేదీ లేదు, ధర లేదు.

"ఈడ సంతకం పెట్టు. పేరు మార్పిచ్చుడు నా జిమ్మ" అన్నాడు.

నేను డిగ్రీ చదివినోణ్ణి. ఖాళీ కాయితం మీద సంతకం పెట్టొద్దని నాకు తెలుసు, కానీ నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఇప్పుడు చెప్పగలను. ఆ షాపులో మేం బేరానికి వచ్చిన కస్టమర్లలా లేం, దయ కోసం వచ్చినవాళ్లలా నిలబడి ఉన్నాం. అట్లా నిలబడ్డవాడు కాయితం అడగడు. ఇచ్చింది తీసుకుని బయటపడితే చాలనుకుంటాడు.

మూడేళ్ల తర్వాత పోస్ట్‌మన్ ఒక కవరు తెచ్చాడు. జిల్లా కోర్టులోని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్ నుంచి నోటీసు. 2015లో ఆ ఆటో ఒక మనిషిని గుద్దింది, ఆయన చనిపోయాడు. ఆటో తోలినవాడు మొదటి ప్రతివాది. రెండో ప్రతివాది ఆటో ఓనరు, అంటే మా చిన్నాయన. ఆటో అప్పటికే మూడు చేతులు మారింది. ఒక్కరూ పేరు మార్పించుకోలేదు. ఇన్సూరెన్స్ కూడా ఎవరూ కట్టలేదు.

కోర్టుకు పోయాం. అక్కడ తెలిసిన విషయం ఈ పోస్టు మొత్తానికీ గుండెకాయ. కేసు వేసినామె చనిపోయినాయన భార్య. ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లది పక్క మండలంలో మాదిగ వాడ. ఆమె కూలికి పోతది, మా చిన్నమ్మా కూలికే పోతది. కోర్టు వరండాలో ఒక బెంచీ మీద ఆమె, ఇంకో బెంచీ మీద మేము. ఆమె మమ్మల్ని శత్రువుల్లా చూసింది. చూడదా మరి? ఆమె చేతిలో ఉన్న కాయితం ప్రకారం ఆమె మొగుణ్ణి చంపిన బండి మాదే.

రెండు బెంచీల మీదా మనోళ్లే. మధ్యలో బండి కొని, అమ్మి, కమీషన్ తిన్న మనిషి ఆ కోర్టులోనే లేడు. అతని పేరు ఏ కాయితం మీదా లేదు, ఉండకుండా చూసుకోవడమే అతని వ్యాపారం.

కేసు నడుస్తుండగానే 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసులోనూ ఇదే కథ. బండి అమ్మేశారు, అది చేతులు మారింది, ఆర్‌సీ మీద మాత్రం మొదటి ఓనరు పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగింది. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 2(30) ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్ట్రేషన్ ఉంటే ఆయనే ఓనరు, పరిహారం బాధ్యత ఆయనదే అని కోర్టు తేల్చింది. మా వకీలు ఆ తీర్పు చూసి చేతులెత్తేశాడు.

నేను ఆ తీర్పును తిట్టను. బాధితుల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన మాటే. మొగుణ్ణి పోగొట్టుకున్న కూలి మనిషి బండి ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఊరూరా తిరిగి వెతుక్కోవాలా? ఆమెకు ఒక పేరు కావాలి, ఆ పేరు ఆర్‌సీ మీద ఉంటది. అంతవరకు సబబే. కానీ ఆ పేరు ఇంకా మాదే ఎందుకుంది? ఉంచింది ఎవరు? ఈ ప్రశ్న అడగడానికి అప్పట్లో చట్టంలో చోటే లేదు.

చివరికి లోక్ అదాలత్‌లో మూడున్నర లక్షలకు ఒప్పందమైంది. రెండు బర్రెలు అమ్మారు, చిట్టీ ఎత్తారు, వడ్డీకి తెచ్చారు. మా తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంలో మానేసి హైదరాబాద్‌లో డెలివరీ పనికి పోయాడు. చివరి కిస్తీ కట్టిన రోజు ఆమె మా చిన్నాయన దగ్గరకు వచ్చి, "అన్నా, మీరు అమ్ముకున్న సంగతి నాకు తర్వాత తెలిసింది. నేనేం చేయాలె" అన్నది. చిన్నాయన ఏమీ అనలేదు, దండం పెట్టాడు.

ఇప్పుడు చట్టం దగ్గరకు వద్దాం.

మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో ఉంది. అందుకే కేంద్రం 1988 చట్టం, 1989 కేంద్ర రూల్స్ చేస్తే, వాటిని నడిపించే ఆర్టీఓ ఆఫీసు, రాష్ట్ర రూల్స్, లైఫ్ ట్యాక్స్ అన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఢిల్లీలో రూలు రాస్తారు. అది మన జిల్లా ఆఫీసు కిటికీ దాకా రావాలంటే రాష్ట్రం కదలాలి.

2022 డిసెంబరు 22న కేంద్రం ఆ రూల్స్‌ను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. మొదటిసారి సెకండ్ హ్యాండ్ బండ్లు కొని అమ్మే డీలరు అనే మనిషిని చట్టం గుర్తించింది. అంతకుముందు చట్టం కళ్లకు ఇద్దరే కనబడేవాళ్లు, అమ్మేవాడూ కొనేవాడూ. మధ్యలో షెడ్డు వేసుకుని ముప్పై బండ్లు వరుసగా నిలబెట్టుకున్న మనిషి చట్టానికి కనబడేవాడు కాదు.

ఆ సవరణలో మనకు పనికొచ్చేవి నాలుగు సంగతులు.

ఒకటి. రిజిస్టరైన బండ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి.

రెండు. మీరు ఆ డీలరుకు బండి అప్పజెప్పినప్పుడు ఆ సంగతిని మీరూ అతనూ కలిసి ఆన్‌లైన్‌లో రవాణా శాఖకు తెలియజేయాలి. అది నమోదైనప్పటి నుంచి ఆ బండికి ఓనరు డీలరే కింద లెక్క. దాని కాయితాలకూ, దానితో జరిగే మంచిచెడ్డలకూ జవాబుదారీ అతనే.

మూడు. తన దగ్గరున్న బండికి ఆర్‌సీ రెన్యువల్, ఫిట్‌నెస్, డూప్లికేట్ ఆర్‌సీ, ఎన్ఓసీ, పేరు మార్పు దరఖాస్తులు డీలరే పెట్టుకోవచ్చు. అంటే "మళ్లొకసారి సంతకానికి రా" అని మిమ్మల్ని తిప్పే అవసరం లేదు, ఖాళీ ఫారాల అవసరం అంతకన్నా లేదు.

నాలుగు. షెడ్డులో ఉన్న బండిని అతను తన సొంత పనులకు తిప్పుకోకూడదు. ట్రయల్‌కో రిపేరుకో బయటికి తీస్తే ఎవరు తోలారు, ఎందుకు, ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లు అనేది ఎలక్ట్రానిక్ రిజిస్టరులో రాయాలి.

మళ్లొకసారి చదవండి. ఈ రూలు 2013లో ఉండి, మా పట్నంలో నడిచి ఉంటే ఆ కోర్టులో రెండో ప్రతివాది కుర్చీలో మా చిన్నాయన నిలబడేవాడు కాదు. ఆ కన్సల్టెన్సీవాడు నిలబడేవాడు. లేదంటే తన పేరు తప్పించుకోవడానికైనా కొన్నవాళ్లకు పేరు మార్పించి ఇచ్చేవాడు. మా తమ్ముడి డిగ్రీ పూర్తయ్యేది. ఆ చెల్లెకు డబ్బులు ఆలస్యం లేకుండా అందేవి.

మరి ఆ రూలు మన దాకా వచ్చిందా?

పోయిన నెల నేను మా జిల్లా కేంద్రంలో నాలుగు కన్సల్టెన్సీలకు పోయాను. అమ్మేవాడిలా పోయి, "ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉందా అన్నా?" అని అడిగాను. ఒకాయన జీఎస్టీ కాయితం చూపించాడు. ఇంకొకాయన షాపు లైసెన్స్ చూపించాడు. మూడో ఆయన "ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న, నాకెందుకు సర్టిఫికెట్?" అని నవ్వాడు. నాలుగో ఆయన నిజం చెప్పాడు. "అటువంటిది ఉన్నదని నువ్వు చెప్తేనే ఎరుక" అన్నాడు. నలుగురి టేబుల్ మీదా ఖాళీ 29, 30 ఫారాల కట్టలు మాత్రం తయారుగా ఉన్నాయి.

తప్పు వాళ్ల ఒక్కరిదే కాదు. దేశంలో మిగతా రాష్ట్రాలు కేంద్రం వాహన్ పోర్టల్‌లో చేరితే, తెలంగాణ ఏళ్ల తరబడి తన సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. ఆన్‌లైన్ నమోదు మీద నిలబడ్డ రూలు ఇది. మన ఆఫీసు కంప్యూటర్‌లో దానికి తలుపు లేకపోతే, ఉన్నా ఆ తలుపు ఎక్కడుందో జనానికి చెప్పకపోతే, గెజిట్‌లో రూలు ఉండి ఏం లాభం? అంటరానితనం నిషేధమని 17వ ఆర్టికల్‌లో రాసుకున్నాం, హోటల్లో రెండు గ్లాసుల్ని మనమే పగలగొట్టాల్సి వచ్చింది. ఇదీ అంతే. ఎవరో ఒకరు పోయి అడిగితే తప్ప రాసిన రూలు తనంతట తాను నడవదు.

ఇక కొత్త బండ్ల షోరూముల సంగతి. అక్కడ చట్టం ఇంకా గట్టిగా మారింది. 2019 సవరణ తర్వాత కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాల్సింది డీలరు. సెక్షన్ 192బీ ప్రకారం అతను పెట్టకపోతే ఏడాది పన్నుకు పదిహేను రెట్లు గానీ, లైఫ్ ట్యాక్స్ గానీ, ఏది ఎక్కువైతే అది జరిమానా. డీలరు అమ్మిన కొత్త బండిని ఆర్టీఓ ముందుకు తీసుకుపోయి చూపించాల్సిన పని కూడా తీసేశారు.

మంచిదే. ఆఫీసు చుట్టూ తిరుగుడు తగ్గింది. కానీ తిరుగుడు తగ్గిన చోటే కొత్త దోపిడీ మొలిచింది. రిజిస్ట్రేషన్ అతని చేతిలో ఉంది కాబట్టి హ్యాండ్లింగ్ చార్జీలు, ఫైల్ చార్జీలు, సర్వీస్ చార్జీలు అని కొటేషన్ కింద చిన్న అక్షరాలతో నాలుగైదు లైన్లు వస్తాయి. ఆర్టీఓ ఫీజు ఎంత, తన సొంత వసూలు ఎంత అనేది విడిగా రాయడు, అంతా కలిపి "ఆన్ రోడ్" అంటాడు. మనోడు తలూపుతాడు, ఎందుకంటే ఈఎంఐ లెక్క ఒక్కటే అతని తలలో తిరుగుతుంటుంది.

ఇన్సూరెన్స్ కూడా మా దగ్గరే తీసుకోవాలంటాడు. అలా బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ డీలర్లకు 2017 నవంబరు 1 నుంచే మార్గదర్శకాలు పెట్టింది. పాలసీ ఏ కంపెనీదైనా, ఎక్కడైనా మనం తెచ్చుకోవచ్చు. టూవీలర్ కొన్నప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర రూల్స్‌లో 138వ రూలు చెబుతుంది. మీలో ఎంతమందికి ఇచ్చారు? ఇచ్చినవాళ్లు దాన్ని యాక్సెసరీస్ బిల్లులో కలపలేదు కదా? ఒకసారి ఇంటికి పోయి మీ బిల్లు తీసి చూడండి.

2022లో తెలంగాణ ప్రభుత్వం 50 వేలు దాటిన టూవీలర్‌కు లైఫ్ ట్యాక్స్ 9 శాతం నుంచి 12 శాతం చేసింది. ఈ రోజుల్లో 50 వేలకు బైకు ఎక్కడొస్తుంది? అంటే దాదాపు అందరికీ పన్ను పెరిగినట్టే. పన్నంటే రోడ్డు కోసమే అనుకుని కడదాం. కానీ అదే షోరూములో పన్ను పేరు చెప్పి డీలరు కలుపుకునే వసూలును ఆపే బాధ్యత కూడా ఆ పన్ను తీసుకున్న ప్రభుత్వానిదే కదా.

ఇప్పుడు మన సొంత ముచ్చట. దళితబంధు. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో పైలట్‌గా మొదలైంది, కుటుంబానికి 10 లక్షలు. చాలామంది బండ్లే తీసుకున్నారు, కార్లు, ట్రాలీలు, ట్రాక్టర్లు. పథకం మంచిచెడ్డల మీద వేరే పోస్టు రాశాను, మళ్లీ ఆ గొడవ వద్దు. ఇక్కడ ఒక్క ప్రశ్నే అడుగుతాను. మన పేరు మీద వచ్చిన ఆ డబ్బు చివరికి ఎవరి ఖాతాలో పడింది? బండి కంపెనీ డీలరు ఖాతాలో. ఆ డీలర్లలో మనవాళ్లు ఎంతమంది? నేను మా ఉమ్మడి జిల్లాలో తిరిగిన షోరూముల్లో బండ్లు కడిగే పిల్లల్లో మనోళ్లు కనబడ్డారు, మెకానిక్కుల్లో కనబడ్డారు. అద్దాల క్యాబిన్‌లో ఒక్కరూ కనబడలేదు.

ఎందుకు కనబడతారు? షోరూముకు హైవే పక్కన స్థలం కావాలి, బ్యాంకు గ్యారంటీ కావాలి, కంపెనీవాళ్ల ముందు పలుకుబడి కావాలి. ఈ మూడూ తరతరాలుగా ఎవరి దగ్గరున్నాయో అందరికీ తెలుసు. ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు పెట్రోల్ బంకుల్లో ఎస్సీ, ఎస్టీలకు కోటా ఇస్తాయి. తెలంగాణలో 2021లో వైన్ షాపుల్లో ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం ఇచ్చారు. మందు అమ్మడానికి మనకు కోటా ఉంది, బండి అమ్మడానికి దారి లేదు.

పథకం కింద వచ్చిన బండ్లలో కొన్ని ఏడాది తిరక్కముందే కన్సల్టెన్సీల షెడ్లకు చేరాయి. మా మండలంలో నేను కళ్లారా చూశాను. "చూశారా, వీళ్లకు ఇస్తే అమ్ముకుతింటరు" అని హోటల్ దగ్గర నవ్వినవాళ్లే ఆ బండ్లను తక్కువ ధరకు కొన్నారు. పేరు మాత్రం మార్పించుకోలేదు. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే నోటీసు ఏ వాడకు వస్తది? మా చిన్నాయన కథ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇక్కడ ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. అతనూ మనోడే. ఊరి సెంటరులో టార్పాలిన్ కింద పది బైకులు పెట్టుకుని అమ్ముతాడు. "అన్నా, నువ్వు చెప్పే సర్టిఫికెట్లు, కంప్యూటర్ రిజిస్టర్లు పెద్దోళ్లకైతే అయితయ్. నా అసొంటోని షెడ్డు మూతపడ్తది. ఆన్‌లైన్ల పాత కార్లు అమ్మే పెద్ద పెద్ద కంపెనీలు బాగుపడ్తయ్. గిదేనా నీ అంబేద్కరిజం?" అన్నాడు.

అతని మాటలో నిజముంది. రూలు పెద్దవాడికి కోటగోడ అయి, చిన్నవాడికి ఉరితాడైన సందర్భాలు మనకు బోలెడు తెలుసు. అయినా అతనికి నేను చెప్పింది ఇది. "తమ్మీ, నీ షెడ్డు నిలబడాలె. కానీ నీ షెడ్డు కోసం ఇంకో చిన్నాయన కోర్టు మెట్లెక్కుడు నాకు ఇష్టం లేదు. రూలు వద్దనకుండ, రూలును నీ చేతికి అందేటట్టు చెయ్యమని అడుగుదాం." చిన్న డీలరుకు ఫీజు తగ్గించమని అడుగుదాం. ఎస్సీ కార్పొరేషన్ ద్వారా ఆ ఫీజూ కంప్యూటర్ ఖర్చూ భరించమని అడుగుదాం. పది బైకులున్నవాడికి ఫోన్‌లో నింపుకునే రిజిస్టరు చాలదా అని అడుగుదాం. చేతిలో సర్టిఫికెట్ ఉన్న మాదిగ డీలరు దగ్గరకు జనం నమ్మకంతో వస్తారు. కాయితం లేని పెద్ద కులం డీలరు దగ్గర ఇన్నాళ్లూ నమ్మకం పేరుతో నడిచింది కులమే కదా.

కులానికీ బండికీ ఉన్న లెక్క కొత్తదేం కాదు. 1901లో తండ్రి దగ్గరకు బయల్దేరిన పసి భీమరావు మసూర్ స్టేషన్‌లో దిగితే, మహర్ పిల్లలని తెలిసి బండ్లవాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి వాళ్లే తోలుకుంటే ఒకడు ఒప్పుకున్నాడు. 1929లో పెద్ద చదువులు చదివి, ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా చాలీస్‌గావ్‌లో దిగినప్పుడు కూడా టాంగావాళ్లు ఆయనను ఎక్కించుకోమన్నారు. టాంగా తోలడం రాని మనిషి తోలితే, మోరీ దగ్గర అది అదుపు తప్పింది. బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. బండి ఎవరిది, తోలేది ఎవరు, దెబ్బ తగిలేది ఎవరికి అనే మూడు ప్రశ్నలకు ఆ రోజు వచ్చిన జవాబే ఇవాళ ట్రిబ్యునల్ వరండాలోనూ వస్తోంది.

అందుకే రవాణా శాఖ మంత్రికీ, కమిషనర్‌కూ మన సంఘాల తరఫున ఇవి అడుగుదాం.

ప్రతి ఆర్టీఓ ఆఫీసు గోడ మీద ఆ జిల్లాలో ఆథరైజేషన్ ఉన్న సెకండ్ హ్యాండ్ డీలర్ల జాబితా తెలుగులో పెట్టాలి. లేనివాళ్లకు గడువు ఇచ్చి ఇప్పించాలి, గడువు దాటితే షెడ్డు మూయించాలి.

బండి అప్పగింత నమోదును మీసేవలో కూడా చేసేలా పెట్టాలి. నమోదైన వెంటనే అమ్మినవాళ్ల ఫోన్‌కు తెలుగులో మెసేజ్ రావాలి.

ఎస్సీ కార్పొరేషన్ గానీ, మరే పథకం గానీ ఇచ్చే ప్రతి బండికి షోరూము వసూళ్లను పైసాతో సహా విడివిడిగా చూపించే బిల్లు ఉండాలి. హ్యాండ్లింగ్ చార్జీ కనబడితే ఆ డీలరును పథకం నుంచి తీసేయాలి.

ఆథరైజేషన్ కోరుకునే ఎస్సీ, ఎస్టీ యువతకు ఫీజు మాఫీ, షెడ్డు స్థలం, బ్యాంకు గ్యారంటీ ప్రభుత్వం ఇవ్వాలి.

ఇవి సాధించేలోపు మన జాగ్రత్త మనం తీసుకోవాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. ఎంత తొందర పెట్టినా, ఎంత గదమాయించినా పెట్టకండి. ఆథరైజేషన్ ఉన్న డీలరైతే అప్పగింత ఆన్‌లైన్‌లో నమోదయ్యాకే తాళం చెవి ఇవ్వండి. లేనివాడైతే అతని ద్వారా వచ్చిన కొనుగోలుదారుణ్ణి తీసుకుని ఆర్టీఓ ఆఫీసుకు పోండి. సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో అమ్మకం సంగతి తెలియజేయాలి. అమ్మిన తేదీ, గంట, కిలోమీటర్ల రీడింగు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, ఫొటో తీసుకోండి. ఒక కాపీ ఆర్టీఓకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇది మిమ్మల్ని పూర్తిగా కాపాడదు, ఆర్‌సీ మీద పేరు మారితేనే మీకు విముక్తి. అందుకే పేరు మారేదాకా కొంత డబ్బు తక్కువ తీసుకునైనా సరే, వెంటబడండి.

డీలరు "18 శాతం జీఎస్టీ కట్టాలె, అందుకే నీకు ధర తగ్గిస్తున్న" అంటే నమ్మకండి. 2025 జనవరి నుంచి పాత బండ్లన్నిటి మీదా 18 శాతమే, నిజమే. కానీ అది బండి మొత్తం ధర మీద కాదు, అతను సంపాదించే మార్జిన్ మీద మాత్రమే.

అమ్మేసిన పాత బండ్లు ఉన్నవాళ్లు ఈరోజే ఒక పని చేయండి. ఆ నంబరు కొట్టి ఓనరు పేరు ఎవరిదుందో చూడండి. మీ పేరే ఉంటే కామెంట్లో రాయండి, మన వకీలు మిత్రులు దారి చెబుతారు.

నాకు మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నువ్వు ఎల్లుండి సోమవారం ఆధార్, ఆర్‌సీ జిరాక్సు పట్టుకుని రా. మీ కన్సల్టెన్సీకి నేనూ వస్తాను, చిన్నాయన కూడా వస్తానన్నాడు. ఈసారి ఆ షాపులో నిలబడం, కుర్చీలు అడిగి కూర్చుని మాట్లాడదాం.

వచ్చే భాగంలో ఫైనాన్స్ వాళ్లు రోడ్డు మీద బండ్లు గుంజుకుపోయే సంగతి రాస్తాను. ఎవరికైనా జరిగి ఉంటే తేదీ, కాయితాలతో సహా పంపండి.

జై భీమ్.